ఇంజనీరింగ్ విద్యార్థులను బడులకు పంపాలనుకుంటే ఏ పద్ధతి ఎంచుకోవాలి?

ఇంజనీరింగ్ కళాశాలల్లో వృత్తి నైపుణ్యాలు అనగానే మూడో ఏడాది చివర్లో మొదలయ్యే ప్రాంగణ నియామకాల శిక్షణే గుర్తుకొస్తుంది. బృంద చర్చలు, మాక్ ఇంటర్వ్యూలు, రెజ్యూమె తయారీ అన్నీ కలిపి కొన్ని వారాల్లో ముగిసిపోతాయి. ఆ శిక్షణ అవసరమే. అయితే అక్కడ వినేవారు కూడా సాటి విద్యార్థులే కాబట్టి, చెప్పిన విషయం సరిగా అర్థం కాకపోయినా ఎవరికీ నష్టం ఉండదు. ఎనిమిదో తరగతి పిల్లల ముందు నిలబడినప్పుడు పరిస్థితి వేరుగా ఉంటుంది. అర్థం కాకపోతే ఆ సంగతి వాళ్ల ముఖాల్లోనే కనిపిస్తుంది, వెనక బెంచీలో మాటలు మొదలవుతాయి, అప్పటికప్పుడు చెప్పే తీరు మార్చుకోక తప్పదు. అందువల్లనే ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ పలు కళాశాలలు తమ విద్యార్థులను చుట్టుపక్కల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలకు పంపుతున్నాయి. పంపాలని నిర్ణయించుకున్న విభాగాధిపతులు, జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) ప్రోగ్రాం ఆఫీసర్లు, విద్యార్థి క్లబ్బుల బాధ్యులు ఏ పద్ధతిలో పంపితే తమ విద్యార్థులకు నిజంగా ఉపయోగమో తేల్చుకోవడానికి ఈ పోలిక పనికొస్తుందని ఆశిస్తున్నాను.

ముందుగా దేన్ని బట్టి పోల్చాలో అనుకోవాలి. ఇంజనీరింగ్ కోర్సులను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో భారతదేశం 2014లో శాశ్వత సభ్యత్వం పొందిన తర్వాత, నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రిడిటేషన్ గుర్తింపు కోరే ప్రతి విభాగమూ తన విద్యార్థుల్లో సాంకేతిక జ్ఞానంతో పాటు భావ వ్యక్తీకరణ, బృందంలో పనిచేయడం, ప్రాజెక్టు నిర్వహణ, ఖర్చుల లెక్క, వృత్తి నీతి వంటివి పెరిగాయని చూపించాల్సి వస్తోంది. వీటిలో ఏవి పెరుగుతాయన్నది కార్యక్రమం రూపాన్ని బట్టే ఉంటుంది. నేను ఏ పద్ధతినైనా మూడు ప్రశ్నలతో చూస్తాను. విద్యార్థి అదే పిల్లల దగ్గరికి మళ్లీ వెళ్తాడా? అతను చేసిన పని మీద ఎవరైనా ఆధారపడతారా? అనుమతి, సమయం, డబ్బు అనే మూడింటినీ అతనే చూసుకుంటాడా, లేక అధ్యాపకులు చూసిపెడతారా? మొదటి ప్రశ్నకు అన్నిటికంటే ఎక్కువ విలువ ఇవ్వాలని నా దృఢమైన అభిప్రాయం, ఎందుకంటే మాట్లాడే నైపుణ్యం మొదటిసారి మాట్లాడినందువల్ల కంటే, మొదటిసారి చెప్పింది ఎక్కడ తప్పిందో చూసి రెండోసారి మార్చి చెప్పినందువల్లే పెరుగుతుంది.

ఒక్కరోజు కార్యక్రమాలు

సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం, ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం సందర్భంగా బడి పిల్లలను కళాశాలకు రప్పించి ప్రదర్శన పెట్టడం అందరికీ తెలిసిన పద్ధతి. ఒకే రోజున వందల మంది పిల్లలు ప్రయోగశాలలు చూస్తారు, చాలామంది ఇంజనీరింగ్ విద్యార్థులకు ఏదో ఒక పాత్ర దొరుకుతుంది, సెమిస్టర్ తరగతులకు పెద్దగా ఆటంకం ఉండదు. కానీ నైపుణ్యాల లెక్క వేస్తే లాభం అందరికీ సమానంగా చేరదు. బస్సులు మాట్లాడటం, భోజనాలు, తాగునీరు, అనుమతి పత్రాలు, ఏ బడి ఎప్పుడు ఏ గదికి వెళ్లాలన్న పట్టిక వంటివన్నీ చూసుకునే పది పదిహేను మంది నిర్వాహకులు నిజంగా చాలా నేర్చుకుంటారు. స్టాల్ దగ్గర నిలబడిన మిగతావారు అవే మూడు నిమిషాల మాటలను సాయంత్రం దాకా చెబుతూ ఉంటారు.

ఈ లోపాన్ని కొంత సరిచేయవచ్చు. ఉదాహరణకు హైదరాబాద్ పరిసరాల్లోని సివిల్ విభాగం మూసీ నదినే విషయంగా తీసుకోవచ్చు. 1908 సెప్టెంబరు వరదల తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించడం, ఎగువన నీటిని ఆపే జలాశయాలు కట్టాలని ఆయన సూచించడం, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తికావడం పిల్లలకు తెలిసిన చోట్లతో ముడిపడిన కథ. ఒక ట్రేలో ఇసుకతో నది చేసి, ఎగువన కట్ట లేకుండా ఒకసారి, కట్ట పెట్టి ఒకసారి నీళ్లు పోసి చూపిస్తే ఐదు నిమిషాల్లో విషయం అర్థమవుతుంది. ప్రతి స్టాల్ దగ్గరా ఒక సహాధ్యాయి పక్కన నిలబడి, పిల్లలు అడిగిన ప్రశ్నలను, విద్యార్థి తడబడిన చోట్లను రాసుకుని, ప్రతి గంటకూ ఒకసారి చెప్పే మాట మార్చుకునేలా చూస్తే, ఒక్కరోజు కార్యక్రమంలో కూడా నేర్చుకునే అవకాశం ఏర్పడుతుంది. మొదటి సంవత్సరం విద్యార్థులకు బడి పిల్లలతో మాట్లాడే బిడియం పోవడానికి ఈ పద్ధతి సరిపోతుంది. అంతకు మించి దీని నుంచి ఆశించడం సరికాదు.

వారం వారం వెళ్లే పద్ధతి

నలుగురైదుగురు విద్యార్థుల బృందం ఒక సెమిస్టర్ పాటు ప్రతి శనివారమో, మరో నిర్ణీత రోజునో ఒకే బడికి వెళ్లి, ఒకే తరగతికి ఒక పీరియడ్ తీసుకోవడం ఈ పద్ధతి. పైకి అన్నిటికంటే సాదాసీదాగా కనిపించే ఈ ఏర్పాటే నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది. ఎందుకో చెప్పడానికి ఒక చిన్న పాఠాన్ని దగ్గరగా చూడాలి.

ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) రెండో సంవత్సరం విద్యార్థి 9 వోల్టుల బ్యాటరీ, ఒక ఎర్ర ఎల్‌ఈడీ, 330 ఓమ్‌ల నిరోధకం తీసుకుని తరగతికి వెళ్లాడనుకుందాం. ఎల్‌ఈడీ దగ్గర సుమారు 2 వోల్టులు పోగా మిగిలిన 7 వోల్టులను 330తో భాగిస్తే దాదాపు 21 మిల్లీ ఆంపియర్లు వస్తుందని అతనికి తెలుసు, ఆ లెక్కే బోర్డు మీద వేస్తాడు. పిల్లలు రాసుకుంటారు, ఎల్‌ఈడీ వెలుగుతుంది. అప్పుడు ఒక అమ్మాయి లేచి, ఆ నిరోధకం తీసేస్తే ఏమవుతుందని అడుగుతుంది. విద్యుత్ ప్రవాహం ఎక్కువవుతుందని ఇతను చెబుతాడు. అయితే ఇంకా బాగా వెలుగుతుంది కదా, అది మంచిదే కదా అంటుంది ఆమె. ఇది చక్కని ప్రశ్న. సెమిస్టర్ పరీక్షలో ఎవరూ అడగని ప్రశ్న కూడా. సమాధానం చెప్పాలంటే వేడి గురించి, ఆ చిన్న అర్ధవాహక ముక్క ఎంత వేడి తట్టుకుంటుందన్న దాని గురించి, పరిమితి దాటితే ఏమవుతుందన్న దాని గురించి ఆ వయసు పిల్లలకు అందే మాటల్లో చెప్పగలగాలి. మొదటిరోజు అతను తడబడటంలో ఆశ్చర్యం లేదు. వారం తిరిగేసరికి అతనే 330 ఓమ్‌లు, 1 కిలో ఓమ్, 4.7 కిలో ఓమ్‌ల నిరోధకాలు మూడూ తెచ్చి, ఏది పెడితే ఎంత వెలుగుతుందో పిల్లలనే వరుసలో పెట్టమంటాడు, పాత ఎల్‌ఈడీ ఒకటి వాళ్ల కళ్లముందే తాను మాడ్చి చూపిస్తాడు. ఈ రెండు వారాల మధ్య జరిగిన మార్పే మనం పెంచాలనుకుంటున్న నైపుణ్యం. ఒక్కరోజు ప్రదర్శనలో ఆ రెండో వారం రాదు.

భాష విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఇంజనీరింగ్ విద్యార్థి పొటెన్షియల్ డిఫరెన్స్ అని చదువుకున్నాడు, బడిలో కొందరు పిల్లలకు అది పొటెన్షియల్ భేదంగా తెలుసు, మరికొందరికి రెండూ కొత్తే. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడులకు ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్ ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. బృందం ఆ పుస్తకాన్ని సంపాదించి, తాము చెప్పబోయే పాఠంలోని పదాలు రెండు పేజీల్లోనూ ఎలా ఉన్నాయో ముందురోజే చూసుకోవడం తప్పనిసరి చేయాలి. శ్రేణి సంధానం, సమాంతర సంధానం వంటి మాటలను తడుముకోకుండా వాడగలిగిన విద్యార్థి, రేపు ఒక సబ్‌స్టేషన్ దగ్గర లైన్‌మన్‌తోనూ, నిర్మాణ స్థలంలో మేస్త్రీతోనూ స్పష్టంగా మాట్లాడగలుగుతాడు.

ఈ పద్ధతికి కష్టాలు లేకపోలేదు. మిడ్ పరీక్షల వారంలో బృందాలు జారుకుంటాయి, ఒకసారి రాకపోతే పిల్లలు ఎదురుచూసి నిరాశపడతారు, హెచ్.ఎం. గారికి నమ్మకం పోతుంది. అందువల్ల సెమిస్టర్ మొత్తం వెళ్తామని చెప్పడం కంటే, మిడ్ పరీక్షలకు అటూ ఇటూ ఆరు లేదా ఎనిమిది వారాలకే మాటిచ్చి, ఆ మాట నిలబెట్టుకోవడం మేలు. ఇచ్చిన తేదీకి రాగలగడం కూడా నేర్చుకోవాల్సిన వృత్తి నైపుణ్యమే, దానికి మార్కులు కేటాయించాలి.

అటల్ టింకరింగ్ ల్యాబుల్లో మార్గదర్శకత్వం

నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ ఇన్నోవేషన్ మిషన్ 2016లో మొదలైంది. ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల వరకు సాయం అందించి, ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలు వాడుకునేలా త్రీడీ ప్రింటర్, సెన్సార్లు, మైక్రోకంట్రోలర్ బోర్డులతో ల్యాబ్ పెట్టించడం ఈ పథకం ఉద్దేశం. సామగ్రి ఉన్నా, రోజూ దగ్గరుండి వాడించే మనిషి లేక అది పెట్టెల్లోనే ఉండిపోయే ప్రమాదం ఇలాంటి ల్యాబులకు ఎప్పుడూ ఉంటుంది. అక్కడే ఇంజనీరింగ్ విద్యార్థి అవసరం పడుతుంది. అతనికి కూడా కొత్తగా కొనాల్సింది ఏమీ ఉండదు, చదువుతున్న కోర్సుకు నేరుగా సంబంధించిన పని దొరుకుతుంది. బడి పిల్లల కొత్త ఆలోచనలను ప్రోత్సహించే కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ మానక్ పథకంలో ఎంపికైన ఆలోచనకు నమూనా తయారీ కోసం ఇచ్చే 10,000 రూపాయలను ఎలా ఖర్చుపెట్టాలో పిల్లలతో కూర్చుని లెక్క వేయడం, ప్రాజెక్టు నిర్వహణకు చక్కని తొలి పాఠం.

ఇందులో ఉన్న ప్రమాదాన్ని మాత్రం ముందే చెప్పుకోవాలి. పోటీ తేదీ దగ్గరపడే కొద్దీ పిల్లల ప్రాజెక్టును ఇంజనీరింగ్ విద్యార్థే పూర్తిచేసి, పిల్లవాడికి చెప్పాల్సిన మాటలు మాత్రం నేర్పించడం జరుగుతుంది. అది ఇద్దరికీ హాని చేస్తుంది. సోల్డరింగ్ ఐరన్, స్క్రూడ్రైవర్, కీబోర్డ్ పిల్లల చేతిలోనే ఉండాలని, మార్గదర్శి చేతులు వెనక్కి కట్టుకుని ప్రశ్నలతోనే దారి చూపాలని బృందానికి నియమం పెట్టాలి. తనకు రెండు నిమిషాల్లో అయ్యే పనిని ఎదుటివాడు అరగంట చేస్తుంటే ఓపికగా చూడగలగడం, ఆ తర్వాత తన కింద పనిచేసేవారికి నేర్పించాల్సి వచ్చినప్పుడు ఎంతో ఉపయోగపడుతుంది. కోడింగ్, ఎలక్ట్రానిక్స్ విభాగాలకు, దగ్గర్లో అలాంటి ల్యాబ్ ఉన్న బడి ఉంటే, ఇదే మొదటి ఎంపికగా తీసుకోవచ్చు.

ఎన్‌ఎస్‌ఎస్ శిబిరాలు, వేసవి సేవ

జాతీయ సేవా పథకం 1969లో మొదలైంది. వాలంటీరు రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో ఊళ్లోనే ఉండాలి. ఆ ఏడు రోజులూ ఊరి బడిలోనే బస చేసి, అక్కడి పిల్లలతో పనిచేసే బృందం ఒకరినొకరు నిజంగా తెలుసుకుంటుంది. వంట దగ్గర తగాదా వచ్చినా, కరెంటు పోయినా, ముందు అనుకున్న కార్యక్రమం మారిపోయినా అక్కడే తేల్చుకోవాలి. బృందపని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. బోధన మీద మాత్రం దృష్టి తక్కువగా ఉంటుంది, ఎందుకంటే చెట్లు నాటడం నుంచి ఆరోగ్య పరీక్షల దాకా అన్నీ అదే వారంలో జరుగుతాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన చిక్కు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్23 (2023 నాటి కోర్సు) నిబంధనల కింద చదివే బీటెక్ విద్యార్థులు రెండో సంవత్సరం తర్వాత వేసవిలో సామాజిక సేవా ఇంటర్న్‌షిప్ చేయాలి, బడిలో పనిచేద్దామని చాలామందికి అనిపిస్తుంది. కానీ ఆ సమయానికి బడులకు సెలవులు. ఏప్రిల్ చివర మూతపడిన బడులు జూన్ రెండో వారం దాకా తెరవవు. కాబట్టి వేసవిలో చేయదగినది ఊళ్లో పిల్లలకు వేసవి శిబిరం, బడి భవనంలో విద్యుత్ వైరింగు, నీటి ట్యాంకు, మరుగుదొడ్ల పరిస్థితి మీద సర్వే, జూన్‌లో వాడుకునేలా పాఠాల సామగ్రి తయారీ వంటివే. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ తరగతి బయటి పనులకు ఇచ్చే యాక్టివిటీ పాయింట్ల కోసం, అంటే నాలుగేళ్ల కోర్సులో 100, నేరుగా రెండో సంవత్సరంలో చేరే లేటరల్ ఎంట్రీ వారికి 75 పాయింట్ల కోసం, బడిలో పని చేయాలనుకునేవారు కూడా ఈ క్యాలెండర్ చూసుకునే ప్రణాళిక వేయాలి.

బడి అవసరం తీర్చే ప్రాజెక్టు

బడికి నిజంగా ఉన్న ఒక సమస్యను తీసుకుని, విద్యార్థులు దాన్ని పరిష్కరించే పరికరమో ఏర్పాటో రూపొందించి అప్పగించడం అన్నిటికంటే బరువైన పద్ధతి. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం 1995లో ఇలాంటి సేవా ప్రాజెక్టులను కోర్సులో భాగం చేసింది, ఆ తర్వాత మన దగ్గర కూడా కొన్ని కళాశాలలు ఆ దారి పట్టాయి. పైన చెప్పిన మూడు ప్రశ్నలకూ ఇది అవుననే సమాధానం ఇస్తుంది. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

నల్గొండ, ప్రకాశం జిల్లాల్లోని ఏదో ఒక బడిలో తాగునీటి సమస్య తీసుకున్నారనుకుందాం. విద్యార్థులు ముందుగా చేసే పని టీడీఎస్ మీటర్ కొని బోరు నీళ్లలో ముంచడం. అంకె తక్కువగా వస్తే నీరు మంచిదని రాసేస్తారు. నీటిలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంత ఉన్నాయో ఆ మీటర్ సుమారుగా చెబుతుంది కానీ, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఆమోదయోగ్యం, వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతిస్తారు. ఇంత చిన్న పరిమాణం మొత్తం లవణాల లెక్కలో కనిపించదు. సరైన పరీక్ష సివిల్ విభాగం పర్యావరణ ప్రయోగశాలలోనో, గుర్తింపు పొందిన ల్యాబులోనో చేయించాలి. ఆ నీరు బోరుదా, మిషన్ భగీరథ వంటి పథకం నుంచి వచ్చే పైపు నీరా అన్నది అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న. తర్వాత పరిష్కారానికి వస్తే, పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే నల్గొండ విధానం గురించి పుస్తకాల్లో చదివి ఉంటారు. పటిక మోతాదు రోజూ ఎవరు కొలిచి వేస్తారు, అడుగున చేరిన మడ్డిని ఎక్కడ పారబోస్తారు, వేసే ఆయా సెలవు పెడితే ఏమిటన్న ప్రశ్నలకు సమాధానం దొరక్కపోతే, ఆ పరికరం ప్రారంభోత్సవం మర్నాటి నుంచే మూలన పడుతుంది. పిల్లల ఆరోగ్యానికి సంబంధించిన విషయంలో తనకు తెలిసింది ఎంతవరకో గుర్తించి, ఆ పైన నిపుణుణ్ని అడగాలని తెలుసుకోవడమే వృత్తి నీతికి గట్టి శిక్షణ అవుతుంది.

అందువల్ల ఈ పద్ధతి మూడో సంవత్సరం విద్యార్థులకు, అదీ బాధ్యత తీసుకునే అధ్యాపకుడు ఉన్నప్పుడు మాత్రమే తగినది. తొలిసారి చేసేవారు తాగునీరు, విద్యుత్ మెయిన్ల వంటి ప్రమాదం ఉన్న విషయాల జోలికి వెళ్లకుండా, పీరియడ్ గంట దానంతటదే మోగే ఏర్పాటు, గ్రంథాలయ పుస్తకాల పద్దు, మధ్యాహ్న భోజనం దగ్గర చేతులు కడిగే నీరు తోటకు మళ్లించే కాలువ వంటి చిన్న పనితో మొదలుపెట్టడం మంచిది. ఏదైనా అప్పగించాక కనీసం ఒక ఏడాది పాటు బాగుచేయించే బాధ్యత ఎవరిదో ఒక కాగితం మీద రాసి, హెచ్.ఎం. గారి సంతకం, విభాగాధిపతి సంతకం తీసుకోవాలి.

ఉన్న సంస్థలతో కలవడం

సొంతంగా అన్నీ నడపలేని చిన్న కళాశాలలకు ఇది సులువైన దారి. కుప్పం దగ్గర ప్రాంగణం ఉన్న అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ సంచార విజ్ఞాన వాహనాల ద్వారా ఏళ్ల తరబడి ప్రభుత్వ బడుల్లో ప్రయోగాలు చూపిస్తోంది, జన విజ్ఞాన వేదిక రెండు రాష్ట్రాల్లోనూ విజ్ఞాన ప్రచారం చేస్తోంది. కేంద్ర విద్యాశాఖ విద్యాంజలి పోర్టల్‌లో బడులు తమ అవసరాలు తెలుపుతాయి, వాలంటీర్లు నమోదు చేసుకోవచ్చు. అనుభవజ్ఞులు ప్రయోగం ఎలా చేస్తారో దగ్గరుండి చూడటం విద్యార్థులకు మేలు చేస్తుంది, కానీ ప్రణాళిక, డబ్బు, అనుమతి వంటివన్నీ వారే చూసుకుంటారు కాబట్టి ఆ నైపుణ్యాలు మన విద్యార్థులకు అబ్బవు. ఇక ఆన్‌లైన్ పాఠాల విషయానికొస్తే, ముందే పరిచయమున్న తరగతితో మధ్యమధ్యలో సందేహాలు తీర్చడానికి తప్ప, విడిగా ఒక పద్ధతిగా వాటిని సిఫారసు చేయను.

ఏ పద్ధతి ఎంచుకున్నా తప్పని జాగ్రత్తలు

మండల విద్యాధికారికి సమాచారం ఇచ్చి, హెచ్.ఎం. గారి లిఖితపూర్వక అనుమతి తీసుకోకుండా విద్యార్థులను పంపకూడదు. పదో తరగతి పిల్లలను డిసెంబరు తర్వాత అడగకూడదు, వారికి ప్రత్యేక తరగతులు ఉంటాయి, కాబట్టి ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులే అనుకూలం. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి కనుక మధ్యాహ్నం కార్యక్రమాలు పెట్టుకోవద్దు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం గురించి బృందంలో ప్రతి ఒక్కరికీ చెప్పి, ఏ విద్యార్థీ పిల్లలతో ఒంటరిగా ఉండకూడదని, తరగతిలో టీచరు ఉండాలని, పిల్లల ఫోన్ నంబర్లు తీసుకోకూడదని, ఫొటోలు బడి అనుమతితోనే తీయాలని, సామాజిక మాధ్యమాల్లో పిల్లల ముఖాలు పెట్టకూడదని నియమాలు పెట్టాలి. వీటి విషయంలో మొహమాటానికి తావివ్వకూడదు.

నా సలహా

తొలిసారి ప్రారంభించే విభాగమైతే, రెండో సంవత్సరం విద్యార్థులతో రెండు మూడు బడుల్లో వారం వారం వెళ్లే పద్ధతి ఎంచుకోండి. బృందానికి నలుగురు చాలు, పిల్లలకు బోధించడానికి ఇద్దరు, గమనించి రాయడానికి ఒకరు, సామగ్రి, ఖర్చు చూడటానికి ఒకరు ఉండి, వారం వారం పాత్రలు మార్చుకోవాలి. అటల్ ల్యాబ్ ఉన్న బడి దగ్గర్లో ఉంటే అందులో ఒక బృందాన్ని అక్కడికి పంపండి. ఒక ఏడాది ఆ బడులతో సంబంధం కుదిరాక, అదే విద్యార్థులు మూడో సంవత్సరంలో బడి అవసరాన్ని తీర్చే ప్రాజెక్టు చేపట్టవచ్చు, అప్పటికి సమస్య ఏమిటో హెచ్.ఎం. గారే చెబుతారు. ఒక్కరోజు ప్రదర్శనను మొదటి సంవత్సరం వారికి వదిలి, దాని నిర్వహణ మాత్రం ఇదివరకే బడులకు వెళ్లిన సీనియర్లకు అప్పగించండి. ఊళ్లకు దూరంగా ఉండి రవాణా ఖర్చు భరించలేని కళాశాల అయితే, వారం వారం తిరగడం కంటే ఎన్‌ఎస్‌ఎస్ శిబిరాన్ని ఒకే ఊరిలో వరుసగా మూడేళ్లు పెట్టడం ఎక్కువ ప్రయోజనకరం.

మూల్యాంకనం హాజరు పట్టిక మీద ఆధారపడకూడదు. మొదటి పాఠం, ఐదో పాఠం ఆడియో రికార్డు చేయించి, రెండింటిలో విద్యార్థి ఎంతసేపు మాట్లాడాడు, పిల్లలు ఎంతసేపు మాట్లాడారు, ఎన్ని ప్రశ్నలు వచ్చాయి అన్నవి అతని చేతే పోల్చి రాయించాలి. ఖర్చుల బిల్లులు, హెచ్.ఎం. గారికి రాసిన లేఖలు, తరగతి టీచరు చెప్పిన రెండు వాక్యాల అభిప్రాయం కూడా ఆ ఫైలులో ఉంటే, గుర్తింపు బృందం వచ్చినప్పుడు విడిగా ఏదీ తయారుచేయాల్సిన పని ఉండదు.

జూన్‌లో బడులు తెరిచిన మొదటి రెండు వారాల్లోనే హెచ్.ఎం. గారిని కలిసి, ఆ ఏడాది ఏ తరగతి, ఏ రోజు, ఏ పీరియడ్ అన్నది మాట్లాడుకోవాలి. ఆ మాటలకు అధ్యాపకుడు ఒక్కరే వెళ్లకుండా, సెప్టెంబరులో ఆ బృందాన్ని నడపబోయే రెండో సంవత్సరం విద్యార్థిని వెంట తీసుకెళ్లి, అతని చేతే అడిగించడం మంచిది.